తిండి ఉండగానే ఎందుకు ఆగాయి?



ఈ నెల మీకు ఒక తప్పు కథ చెప్పబోతున్నాను. ఆ తప్పు చేసినవాణ్ణి నేనే. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల హైస్కూళ్ళలో సైన్సు చెబుతూ దాదాపు ముప్ఫై ఏళ్ళు గడిచాయి. ఈ ముప్ఫై ఏళ్ళలో దిద్దిన జవాబు పత్రాలకు లెక్కలేదు. వాటిలో ఒకే ఒక్క పత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అది తొమ్మిదో తరగతి పరీక్ష. "బాక్టీరియా అదుపు లేకుండా పెరిగిపోకుండా ఆపేది ఏమిటి?" అన్నది ప్రశ్న. రెండు మార్కులు. నేను తరగతిలో చెప్పిన జవాబు, గైడులో ఉన్న జవాబు ఒకటే: "ఆహారం అయిపోవడం." నలభైమంది పిల్లలు అదే రాశారు. ఒక అమ్మాయి మాత్రం ఇలా రాసింది: "పెరుగులో బాక్టీరియాకు తిండి ఇంకా మిగిలే ఉంటుంది. అయినా అవి ఆగిపోతాయి. అవి తయారు చేసిన పులుపే వాటిని ఆపుతుంది."

ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసి, సున్న వేశాను.

మర్నాడు ఆ అమ్మాయి పత్రం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. వాళ్ళ ఇంట్లో రెండు బర్రెలున్నాయి. పాలు, పెరుగు అమ్ముకునే ఇల్లు. "సార్, తిండి ఒడిసిందని మీరెట్ల చెప్తున్రు? చూసిన్రా?" అని అడిగింది. నేను చూడలేదు. "పుస్తకంలో ఉంది, పోయి కూర్చో" అన్నాను. ఆ అమ్మాయి పోయి కూర్చుంది. నా మనసు మాత్రం కుదురుగా కూర్చోలేదు.

నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇది: "ఆహారం అయిపోతే బాక్టీరియా ఆగిపోతాయి" అనే జవాబు సగం నిజం. మిగిలిన సగం నేర్పకుండా వదిలివేయడం చిన్న లోపం కాదు. ఆ సగం తెలియకపోతే మన వంటింట్లో జరిగేది అర్థం కాదు, పెరట్లోని గోబర్ గ్యాసు పొయ్యి ఎందుకు ఆరిపోయిందో అర్థం కాదు, మన గోదావరిఖని నేల కింద బొగ్గు ఎలా మిగిలిందో కూడా పూర్తిగా అర్థం కాదు.

ముందుగా ఒక లెక్క

కాగితం, పెన్సిలు తీసుకోండి. మన పేగుల్లో ఉండే ఎషరీషియా కోలై అనే బాక్టీరియాకు ప్రయోగశాలలో మంచి ఆహారమూ, 37 డిగ్రీల వెచ్చదనమూ ఇస్తే సుమారు 20 నిమిషాలకొకసారి ఒకటి రెండవుతుంది. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. గంటకు మూడుసార్లు రెట్టింపు. అంటే ఒక రోజుకు 72 సార్లు.

ఒక్క బాక్టీరియా బరువు గ్రాములో లక్ష కోట్ల వంతు మాత్రమే. ఉందా లేదా అన్నంత తేలిక. కాని 1ని 72 సార్లు రెట్టింపు చేసి ఆ బరువుతో హెచ్చవేస్తే ఎంత వస్తుందో తెలుసా? సుమారు 4,700 టన్నులు! గోదావరిఖని నుంచి బయలుదేరే ఒక నిండు బొగ్గు గూడ్సు బండి మోసే బరువు కన్నా ఎక్కువ. రెండో రోజు కూడా ఇదే వేగంతో పెరిగితే ఆ బరువు భూగోళం బరువుకు వేల రెట్లవుతుంది.

నిన్న ఉదయం మీ చేతిమీద ఉన్న బాక్టీరియా ఇవాళ గూడ్సు బండిని నింపలేదు. కాబట్టి వాటిని ఏదో ఆపింది. ఆపింది ఏది? అదే అసలు ప్రశ్న.

పెరుగు గిన్నెలో ఏం జరుగుతుంది?

రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చని పాలలో ఒక చెంచా పెరుగు వేస్తాం. దాన్నే తోడు అంటాం. ఆ చెంచాలో కోట్లకొద్దీ లాక్టిక్ బాక్టీరియా ఉంటాయి. అవి పాలలోని చక్కెరను, అంటే లాక్టోజును, తింటాయి. తిని, శక్తి తీసుకుని, లాక్టిక్ ఆమ్లాన్ని బయటికి వదులుతాయి. ఈ ఆమ్లాన్ని 1780లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే పులిసిన పాలలో కనుగొన్నాడు. ఆమ్లం పెరిగేకొద్దీ పాలలోని ప్రోటీన్లు ఒకదానికొకటి అంటుకుని గడ్డకడతాయి. తెల్లవారేసరికి పెరుగు సిద్ధం.

మన ప్రాంతంలో ఎండాకాలం సంగతి మీకు తెలిసిందే. ఉదయం తోడువేసిన పాలు మధ్యాహ్నానికే పేరుకుంటాయి, సాయంత్రానికి పులిసిపోతాయి. అదే ఆదిలాబాద్ చలికాలంలో అయితే గిన్నెకు గుడ్డ చుట్టి వెచ్చని మూలన పెట్టినా ఒక్కోసారి తోడుకోదు. అంటే వేడి, చలి కూడా బాక్టీరియా వేగాన్ని మారుస్తాయి. ఇది గుర్తుంచుకోండి. కాని ఎంత ఎండాకాలమైనా పెరుగు పులుపు ఒక హద్దు దాకానే పోతుంది. ఆ పైన పెరగడం చాలా నెమ్మదిస్తుంది, తరవాత దాదాపు ఆగుతుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు వద్దాం. తిండి ఒడిసిందా?

పాలలో లాక్టోజు నూటికి సుమారు 5 పాళ్ళు ఉంటుంది. ఒక గ్రాము లాక్టోజు పూర్తిగా మారితే సుమారు ఒక గ్రాము లాక్టిక్ ఆమ్లం వస్తుంది. అంటే తిండి మొత్తం అయిపోయేదాకా బాక్టీరియా తిని ఉంటే పెరుగులో ఆమ్లం నూటికి 5 పాళ్ళు ఉండాలి. కాని మనం అన్నంలో కలుపుకునే పెరుగులో ఆమ్లం నూటికి ఒక పాలుకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. బాగా పులిసిన పెరుగులోనూ రెండు పాళ్ళకు చేరడం కష్టం. మిగిలిన చక్కెర ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, గిన్నెలోనే ఉంది! విస్తరిలో సగానికి పైగా భోజనం ఉండగానే లేచిపోయిన అతిథిలాగా బాక్టీరియా తినడం మానేశాయి.

ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. నేను బి.ఇడి. చదివి కూడా అప్పటిదాకా చేయలేదు.

పులుపు ఎలా ఆపుతుంది?

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. తాను తయారు చేసిన పదార్థమే తనకు విషం ఎలా అవుతుంది?

బాక్టీరియా కణం చుట్టూ పలుచని పొర ఉంటుంది. కణం లోపల పులుపు ఉండకూడదు. దాదాపు తటస్థంగా ఉంటేనే అక్కడి ఎంజైములు సరిగా పనిచేస్తాయి. పెరుగు పులిసేకొద్దీ బయట లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది. అందులో కొంత ఆమ్లం విడిపోకుండా పూర్తి అణువుగానే ఉంటుంది. అలాంటి అణువుకు విద్యుదావేశం ఉండదు గనుక అది పొరలోంచి సులువుగా లోపలికి జారిపోతుంది. లోపలికి పోగానే అక్కడి తటస్థ వాతావరణంలో అది విడిపోయి హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. లోపల పులుపు పెరగడం మొదలవుతుంది.

కణం ఊరుకోదు. ఆ హైడ్రోజన్ అయాన్లను బయటికి తోడిపోస్తుంది. కాని తోడడానికి శక్తి కావాలి. గోదావరిలో అడుగున చిల్లుపడ్డ పడవను ఊహించుకోండి. ఎక్కినవాళ్ళంతా చెంబులతో నీళ్ళు తోడుతూ కూర్చుంటే తెడ్డు వేసేవాడు ఎవడు? పడవ ముందుకు సాగదు. బాక్టీరియా సంగతీ అంతే. సంపాదించిన శక్తి అంతా తోడిపోయడానికే సరిపోతుంది. పెరగడానికి, రెండుగా చీలడానికి మిగలదు. చివరకు తోడడం కూడా చేతకాని స్థితి వస్తుంది. అప్పుడు చాలా కణాలు చనిపోతాయి.

అందుకే బాగా పులిసిపోయిన పాత పెరుగుతో తోడువేస్తే ఒక్కోసారి పాలు సరిగా తోడుకోవు. మీ అమ్మమ్మకు హైడ్రోజన్ అయాన్ల సంగతి తెలియకపోవచ్చు. కాని తోడుకు నిన్నటి పెరుగే మంచిదని ఆమెకు తెలుసు.

నేను ఎందుకు మోసపోయాను?

తప్పు ఒప్పుకోవడమే కాదు, అది ఎలా జరిగిందో చెప్పడం కూడా ఉపాధ్యాయుడి పని. నా పొరపాటుకు కారణం ఆ తోడు చెంచానే.

పులిసి, ఆగిపోయిన పెరుగు ఒక చెంచా తీసి కొత్త పాలలో వేస్తాం. అంతవరకూ ఆగిన బాక్టీరియా మళ్ళీ పెరుగుతాయి. "చూశారా! కొత్త తిండి దొరికింది, మళ్ళీ మొదలుపెట్టాయి" అని నేను తరగతిలో ఎన్నోసార్లు గర్వంగా చెప్పాను. వినడానికి బాగానే ఉంది. కాని జాగ్రత్తగా ఆలోచించండి. ఒక చెంచా పెరుగును లీటరు పాలలో వేసినప్పుడు ఒకటి కాదు, రెండు మార్పులు జరుగుతాయి. ఒకటి, కొత్త తిండి వస్తుంది. రెండు, పాత పులుపు వందల రెట్లు పలుచబడిపోతుంది. రెండూ ఒకేసారి మారినప్పుడు ఫలితానికి కారణం ఏదో ఎలా చెప్పగలం? చెప్పలేం. నేను చెప్పేశాను.

ఏ ప్రయోగంలోనైనా ఒకసారికి ఒక్కదాన్నే మార్చాలి. ఈ సూత్రాన్ని నల్లబల్ల మీద ఏటా రాసేవాణ్ణి. పెరుగు విషయంలో మాత్రం పాటించలేదు.

మూడు గ్లాసులు, ఆపైన ఒకటి

ఆ అమ్మాయి ప్రశ్న అడిగిన వారంలోనే మా బడిలో ఈ ప్రయోగం చేశాం. మీరూ చేయండి. బాగా పులిసిన రెండు రోజుల పెరుగు తీసుకోండి. కొంచెం కాచి చల్లార్చిన నీళ్ళు పోసి చిలకండి. మూడు శుభ్రమైన గ్లాసుల్లో సమానంగా పోయండి.

మొదటి గ్లాసులో ఏమీ కలపవద్దు. రెండో గ్లాసులో అర చెంచా గ్లూకోజు పొడి కలపండి. అంటే తిండి మాత్రమే ఇచ్చాం, పులుపు అలాగే ఉంది. మూడో గ్లాసులో వంటసోడా చిటికెడు చిటికెడుగా కలపండి. బుసబుస పొంగుతుంది, కంగారుపడకండి. నీలి లిట్మస్ కాగితం ముంచితే ఎర్రబడకుండా ఉండేదాకా కలిపి ఆపండి. అంటే పులుపు మాత్రమే తీసివేశాం, తిండి ఏమీ ఇవ్వలేదు.

మూడింటినీ మూతపెట్టి వెచ్చని చోట రాత్రంతా ఉంచండి. మొదటి రెండింటిలో ఆమ్లం ముందే ఉంది గనుక లిట్మస్‌తో తేడా తెలియదు. వాటికి వేరే పద్ధతి ఉంది. సాయంత్రం ఒకసారి, మర్నాడు ఒకసారి, ఒక్కో మిల్లీలీటరు తీసుకుని, ఒక చుక్క ఫినాఫ్తలీన్ వేసి, పలుచని సోడియం హైడ్రాక్సైడు ద్రావణం చుక్కలుగా పోయండి. గులాబీరంగు రావడానికి ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టండి. చుక్కలు పెరిగితే ఆమ్లం పెరిగినట్టు. ఇది మీ సైన్సు మాస్టారి ఎదుటే చేయాలి. ఏ గ్లాసునూ రుచి చూడకూడదు.

మేం చేసినప్పుడు మొదటి గ్లాసుకు, రెండో గ్లాసుకు చుక్కల లెక్క దాదాపు మారలేదు. తిండి పెట్టినా అవి లేవలేదు! మూడో గ్లాసులో మాత్రం తెల్లవారి నీలి లిట్మస్ ముంచగానే ఎర్రబడింది. కొత్త తిండి ఒక్క రవ్వ కూడా ఇవ్వకుండా, ఉన్న పులుపును తీసివేసినందుకే బాక్టీరియా మళ్ళీ పని మొదలుపెట్టాయి.

వెనక బెంచీలో ఒక పిల్లవాడు లేచాడు. "సార్, ఆ పులుపు జేసింది పెరుగు బాక్టీరియానేనా? గాలిల కెళ్ళి వేరేయి పడ్డయేమో?" మంచి ప్రశ్న. నాలుగో గ్లాసు అక్కడే పుట్టింది. అదే పెరుగును బాగా మరగబెట్టి, చల్లార్చి, సోడాతో పులుపు తీసి, మిగతావాటి పక్కన పెట్టాం. పెరుగు విరిగిపోతుంది, ఫరవాలేదు. మర్నాటికి అది ఎర్రబడలేదు. మరగబెట్టినప్పుడు పెరుగు బాక్టీరియా చనిపోయాయి గనుక కొత్త ఆమ్లం రాలేదు.

ఇది మేము కనిపెట్టిన కొత్త విషయం కాదు. లాక్టిక్ ఆమ్లాన్ని ఫ్యాక్టరీల్లో తయారు చేయడం 19వ శతాబ్దం చివరలోనే మొదలైంది. తొట్టిలో సున్నపురాయి పొడి వేసి, పుట్టిన ఆమ్లాన్ని పుట్టినట్టే తటస్థం చేస్తారు. లేకపోతే బాక్టీరియా మధ్యలోనే ఆగిపోయి చక్కెర వృథా అవుతుంది. ఫ్యాక్టరీ యజమానికి ఇది డబ్బు లెక్క. మాకు రెండు మార్కుల లెక్క.

ఈ సంగతి తెలియకపోతే నష్టం ఏమిటి?

"సరే సార్, పెరుగు పులుపుతో మాకేం పని?" అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. చెబుతాను.

మా ఊళ్ళో ఒక రైతు ఇంట్లో గోబర్ గ్యాసు ప్లాంటు ఉండేది. రోజూ పేడ నీళ్ళు కలిపి పోసేవారు, పొయ్యి చక్కగా మండేది. ఇంట్లో పెళ్ళి జరిగింది. మిగిలిపోయిన అన్నం, పప్పు పారబోయడం ఎందుకని ప్లాంటులో పోశారు. ఎక్కువ తిండి వేస్తే ఎక్కువ గ్యాసు వస్తుందనే కదా ఎవరైనా అనుకునేది! మూడు నాలుగు రోజుల్లో మంట నీరసించింది, ఆపైన ఆరిపోయింది. గ్యాసు తక్కువైందని ఆయన ఇంకా అన్నం పోశాడు. ప్లాంటు పూర్తిగా పాడైంది.

ప్లాంటులో రెండు రకాల జీవులు ఉంటాయి. మొదటి రకం తిండిని విరగ్గొట్టి ఎసిటిక్ ఆమ్లం వంటి ఆమ్లాలు చేస్తాయి. రెండో రకం ఆ ఆమ్లాలను మీథేనుగా మారుస్తాయి. ఒకరి చెత్త మరొకరికి భోజనం. రెండు పనులూ సమానంగా సాగినంతకాలం బాధలేదు. అన్నం వంటి పిండిపదార్థం ఒక్కసారిగా పడితే మొదటి రకం విజృంభిస్తాయి. రెండో రకం నెమ్మదిగా పెరిగేవి. అవి అంత ఆమ్లాన్ని తినలేవు. ఆమ్లం పేరుకుపోతుంది, మీథేను చేసే జీవులు పులుపుకు తట్టుకోలేక ఆగిపోతాయి. అప్పుడు చేయవలసింది ఇంకా తిండి పోయడం కాదు. కొన్నాళ్ళు ఏమీ పోయకుండా ఆపి, తరవాత తాజా పేడనీళ్ళు కొద్దికొద్దిగా పోయాలి. అవసరమైతే కొంచెం సున్నపు నీళ్ళు కలపాలి. "తిండి తక్కువైతేనే ఆగుతాయి" అని నేర్చుకున్నవాడు ఈ వైద్యం ఊహించలేడు. సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తాడు. ఆ రైతు నా పాత విద్యార్థి తండ్రి. ఆ పిల్లవాడికి "ఆహారం అయిపోవడం" అని నేర్పినవాణ్ణి నేనే.

పెద్ద పెద్ద మందుల కంపెనీలకూ ఈ చిక్కు ఉంది. మధుమేహం ఉన్నవారికి ఇచ్చే ఇన్సులిన్‌ను ఎషరీషియా కోలై చేత తయారు చేయించవచ్చు. అలా చేసిన మానవ ఇన్సులిన్‌కు 1982లో అమెరికాలో అనుమతి దొరికింది. ఈ బాక్టీరియాకు చక్కెర ఒక్కసారిగా ఎక్కువ పోస్తే, ఆక్సిజన్ ఉన్నా సరే, అసిటేటు అనే వ్యర్థాన్ని గుమ్మరించి, దానివల్లే కుంటుపడుతుంది. అందుకే ఇంజనీర్లు చక్కెరను అవసరం చూసి కొద్దికొద్దిగా అందిస్తారు.

ఇక పాల సంగతి. ఎండాకాలంలో పాలు పులిసి విరిగిపోకుండా ఉండాలని కొందరు వాటిలో సోడా కలుపుతారు. మన దేశంలో ఆహార చట్టం ప్రకారం ఇది కల్తీ. ఇప్పుడు మీకు ఇంకో కారణం కూడా తెలుసు. మన మూడో గ్లాసును గుర్తుచేసుకోండి. సోడా బాక్టీరియాను చంపలేదు, వాటికి అడ్డుగా ఉన్న పులుపును తొలగించింది. సోడా కలిపిన పాలు తాజాగా కనిపిస్తాయి. లోపల బాక్టీరియా మాత్రం ఆటంకం లేకుండా పెరుగుతుంటాయి. పులుపు అనేది పాలు మనకిచ్చే హెచ్చరిక. సోడా ఆ హెచ్చరిక నోరు నొక్కుతుంది.

నేల కింద పాతర

చివరగా మన నేల సంగతి. పశువుల కోసం పచ్చి జొన్న, మొక్కజొన్న చొప్పను గుంతలో గట్టిగా తొక్కి, గాలి చొరకుండా మూసి పాతర వేయడం మీలో కొందరు చూసి ఉంటారు. గాలి లేని ఆ గుంతలో లాక్టిక్ బాక్టీరియా పెరిగి ఆమ్లం చేస్తాయి. ఆ ఆమ్లం తక్కిన కుళ్ళబెట్టే బాక్టీరియాను ఆపుతుంది, చివరకు లాక్టిక్ బాక్టీరియాను కూడా ఆపుతుంది. మేత నెలల తరబడి చెడకుండా ఉంటుంది.

ప్రకృతి కూడా ఇలాంటి పాతర వేసింది. మన గోదావరి లోయలో బొగ్గు ఉందని 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర గుర్తించాడు. ఆ బొగ్గు పట్టీయే ఇటు గోదావరిఖని, అటు శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి దాకా పరుచుకుని ఉంది. 25 కోట్ల ఏళ్ళకు పైబడిన కాలంలో ఇక్కడ చిత్తడి అడవులు ఉండేవి. గ్లాసోప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకుల చెట్లు పెరిగేవి. ఆకులు, కొమ్మలు నీళ్ళలో పడేవి.

మీ ఇంటి పెరట్లో రాలిన ఆకులు రెండు మూడు వానాకాలాల్లో మట్టిలో కలిసిపోతాయి కదా. మరి ఆ ఆకులు ఎందుకు మిగిలాయి? కదలని నీటి అడుగున ఆక్సిజన్ త్వరగా అయిపోయింది. గాలి లేకుండా బతికే బాక్టీరియా కుళ్ళబెట్టడం సాగించాయి. కాని ఆ నీరు ఎటూ పారదు. అవి విడిచిన ఆమ్లాలు, మొక్కలనుంచి ఊరిన ఫినాలు జాతి పదార్థాలు అక్కడే పేరుకున్నాయి. పని నెమ్మదించింది. కుళ్ళే వేగాన్ని మించి కొత్త ఆకులు పడ్డాయి. అలా పీటు అనే నల్లని పొర ఏర్పడింది. దానిమీద ఇసుక, మట్టి పేరుకుని, ఒత్తిడికీ వేడికీ కోట్ల ఏళ్ళలో అది బొగ్గయింది. ఆమ్లం ఒక్కటే దీనికి కారణమని చెప్పను. ఆక్సిజన్ లేకపోవడం పెద్ద కారణం. అయినా అక్కడ బాక్టీరియాకు తిండి కొరత లేదన్నది మాత్రం స్పష్టం. తిండి అయిపోయి ఉంటే సింగరేణి కార్మికుడు ఇవాళ తవ్వడానికి ఏమీ మిగిలేది కాదు!

చిత్తడి నేలల శక్తి ఎంతటిదో తెలియాలంటే డెన్మార్కు చూడండి. 1950లో అక్కడి పీటు తవ్వేవాళ్ళకు ఒక మనిషి శవం దొరికింది. ముఖం మీద ముడతలు కూడా చెక్కుచెదరలేదు. నిన్నో మొన్నో చనిపోయినవాడని అనుకుని పోలీసులకు చెప్పారు. చూస్తే ఆ మనిషి చనిపోయి రెండువేల ఏళ్ళు దాటింది.

మరి పరీక్షలో ఏం రాయాలి?

ఆకలి వల్ల బాక్టీరియా ఆగవని నేను అనడం లేదు. శుభ్రమైన బావినీటిలో, బీడు నేలలో వాటికి నిజంగానే తిండి కరువు. అక్కడ ఆకలే వాటిని ఆపుతుంది. తిండి దండిగా ఉండి, వ్యర్థాలు బయటికి పోయే దారి లేని చోట, అంటే పెరుగు గిన్నె, పాతర, గ్యాసు ప్లాంటు వంటి చోట, వాటి వ్యర్థాలే ముందుగా ఆపుతాయి. ప్యారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన జాక్ మొనో 1949లో బాక్టీరియా పెరుగుదల మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. పెరుగుదల ఆగడానికి ఆహారం తరిగిపోవడం, విషపూరిత వ్యర్థాలు పేరుకోవడం, ఆమ్లత వంటివి మారిపోవడం కారణాలు కావచ్చునని అందులో చెప్పాడు. 1965లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఆ వ్యాసం చదవలేదు. పెరుగు కుండ చూసింది.

అందుచేత నా మాట ఇది. "బాక్టీరియాను ఆపేది ఏమిటి?" అన్న ప్రశ్నకు ఒక్క వాక్యం జవాబు ఉండకూడదు. "ఎక్కడ?" అని ఎదురు ప్రశ్న వేయడమే సరైన జవాబుకు మొదటి మెట్టు. ప్రశ్నపత్రం తయారు చేసేవారు ఈ ప్రశ్నను పెరుగు గురించో, బావినీటి గురించో విడిగా అడగాలి. గైడులో లేని జవాబు కనబడితే మా ఉపాధ్యాయులం ఎర్ర సిరా తీయకముందు ఒక్క నిమిషం ఆగి, దీన్ని పరీక్షించడం ఎలా అని ఆలోచించాలి. పెరుగు పరీక్షకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. నాలుగు గ్లాసులు, అర చెంచా గ్లూకోజు, చిటికెడు సోడా, లిట్మస్ కాగితం, ఫినాఫ్తలీన్, పలుచని సోడియం హైడ్రాక్సైడు ద్రావణం ఉంటే చాలు. 

ప్రయోగం అయిన రోజునే ఆ అమ్మాయి జవాబు పత్రం అడిగి తీసుకుని రెండు మార్కులూ వేశాను. "రెండు మార్కులకు కాదు సార్, నిజమా కాదా అని అడిగిన" అంది.

మీకూ ఇలాంటి సున్న ఎప్పుడైనా పడవచ్చు. అప్పుడు మాస్టారి మీద కోపం తెచ్చుకోకండి, మీ జవాబునూ వదులుకోకండి. మర్నాడు పులిసిన పెరుగు ఒక గిన్నెలో పట్టుకుని బడికి వెళ్ళండి. "సార్, ఒకసారి చూద్దామా?" అని అడగండి.